ప్రెషర్ ముల్లు పడిపోతే ఇసుకను అనుమానించకండి

మా ఈతకొలను శాండ్ ఫిల్టర్‌లో నాకు బాగా నచ్చింది ఒక్కటే, నెత్తిన ఉండే ప్రెషర్ గేజ్. ట్యాంకు ఎంత లావు, ఎన్ని బస్తాల ఇసుక పడుతుంది, గంటకు ఎన్ని వేల లీటర్లు వడకడుతుంది లాంటివి అమ్మేవాళ్లే గుక్కతిప్పుకోకుండా చెబుతారు. గేజ్ గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. బిగించడానికి వచ్చిన కుర్రాడు కూడా "ఇరవై దాటితే బ్యాక్‌వాష్ కొట్టండి సార్" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయాడు. బ్యాక్‌వాష్ అంటే నీటిని ఇసుకలోంచి ఎదురు దిక్కున తోసి, పట్టిన మురికిని బయటికి కడిగేయడం.

మాది పలాస దగ్గర జీడితోటలో కట్టిన కొలను. మావయ్యగారు మనవల కోసమని మొదలుపెట్టారు, ఇప్పుడు ఎండాకాలం వస్తే కాశీబుగ్గ నుంచి కూడా పిల్లలు ఈత నేర్చుకోవడానికి వస్తున్నారు. నీళ్లు, మోటారు, మందులు చూసుకునేది నేనే. ఫిల్టర్ 2017లో పెట్టించాం. అప్పటి నుంచి అదే ట్యాంకు.

గేజ్ చెప్పేది చాలా చిన్న సంగతి. పంపు తోసిన నీరు ఇసుకలోకి దిగబోయే చోట ఎంత ఒత్తిడి ఉందో చూపిస్తుంది, అంతే. ముల్లు పైకి వెళ్తోందంటే నీటికి ముందు దారిలో అడ్డం ఉన్నట్టు. ఇసుక మురికి పట్టి ఉండాలి, లేదా కొలనులోకి నీరు తిరిగొచ్చే వాల్వ్ ఎవరో కట్టేసి ఉండాలి. ముల్లు కిందికి పడిందంటే అసలు నీరే సరిగా రావడం లేదు, వెతకాల్సింది వెనక, పంపు వైపు. ఇసుక శుభ్రంగా ఉన్నప్పుడు మా దగ్గర 12 పీఎస్ఐ (గేజ్ మీద ఒత్తిడి కొలత) ఉంటుంది. దానికి ఎనిమిదో పదో పెరిగితే బ్యాక్‌వాష్. ఈ 12 మా పైపులకూ మా పంపుకూ వచ్చిన అంకె, మీ దగ్గర ఇంకోటి వస్తుంది. కొత్తలోనే ఆ అంకెను పెయింటుతో ట్యాంకు మీద రాయించాను. కుర్రాడు చెప్పిన ఇరవై కన్నా అదే నయం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదుగానే తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి ఏమైపోయాయో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు. మా తోటలో నిలబడ్డ చెట్ల కన్నా పడ్డవే ఎక్కువ. కొలను నిండా కొమ్మలూ ఆకులూ, నీళ్లు డికాక్షన్ రంగు. కరెంటు వచ్చేసరికి రోజులు పట్టింది. ఈలోపు వలలతో చెత్త లాగేసి, సగం నీళ్లు తోడేసి, ట్యాంకర్లతో నింపి ఉంచాం. కరెంటు రాగానే పంపు వేశాను. ముల్లు 5 దగ్గర ఆగిపోయింది.

నీటి మీద తేలే చెత్తను లాగే స్కిమ్మర్ బుట్ట చూశాను, ఖాళీ. పంపు ముందున్న జల్లెడ బుట్టలో నాలుగు జీడాకులు తప్ప ఏమీ లేవు. పంపు గాజు మూత కింద గాలి బుడగలు లేవు, మూత రబ్బరు రింగు బాగానే ఉంది. నీటిమట్టం స్కిమ్మర్ మూతికి పైనే ఉంది. కొలనులోకి నీరు వస్తోంది గానీ ధారలో ఊపు లేదు.

మోటార్లు చూసే మావను పిలిపించాను. ఆయన వచ్చి, కొలను రంగు చూసి అక్కడికక్కడే తేల్చేశాడు. "మోటారు తిరుగుతోంది కదేటి బాబూ. ఇసకే పట్టేసినాది. తీసేసి, వంశధార ఇసక జల్లించి ఏసేద్దాం."

"ఇసుక పట్టేస్తే ముల్లు పైకి ఎక్కాలి గానీ కిందికెందుకు పడుతుంది మావా?"

"అయితే గేజే పోయినాదేమో."

ఆ అనుమానం సబబే. మోటారు ఆపి చూశాం, ముల్లు సున్నాకు వచ్చి కూర్చుంది. గేజ్ బాగానే ఉన్నట్టు. మోటారు ఆగి ఉండగానే, ఫిల్టర్‌లో నీటి దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వ్ పిడిని రీసర్క్యులేట్‌కు తిప్పాను (తిరుగుతుండగా తిప్పితే లోపలి గాస్కెట్ లేచిపోతుంది, అది మాత్రం ఎప్పుడూ చేయకండి). రీసర్క్యులేట్‌లో నీరు ఇసుకను తాకకుండా నేరుగా కొలనులోకి పోతుంది. ఇసుకే అడ్డమైతే ఇప్పుడు ధార ఎగిరిపడాలి. కానీ అదే నీరసం. దాంతో ఇసుక తప్పేమీ లేదని నాకు ఖాయమైంది. మావకు మాత్రం కాలేదు, పార ఎక్కడుందని అడిగాడు.

అప్పుడే పక్క తోట పెద్దాయన గట్టు మీది నుంచి కేకేశాడు. "మా బోరు సన్నగా పోస్తోంది, మీకూ అంతేనేటి?" వాళ్ల బోరు మోటారుదీ, మా పంపుదీ ఒకే ట్రాన్స్‌ఫార్మర్, రెండూ త్రీ ఫేజ్, అంటే మూడు కరెంటు వైర్లతో నడిచేవి.

మావ మొహం మారింది. మోటారు ఒకసారి వేసి ఆపమన్నాడు. ఆగబోయే ముందు వెనక ఫ్యాన్ నెమ్మదిస్తుంది కదా, ఆ కాసేపూ వంగి జాలీలోంచి చూశాం. పంపు ఒంటి మీద పోసిన బాణం గుర్తు ఒకవైపు, ఫ్యాన్ తిరుగుతున్నది ఇంకోవైపు. మోటారు ఉల్టా తిరుగుతోంది. అన్ని స్తంభాలు పడిపోయి, రాత్రీపగలూ లైన్లు లాగిన హడావుడిలో మూడు వైర్లలో రెండు అటూ ఇటూ మారడంలో వింతేమీ లేదు. అలా వరస మారితే త్రీ ఫేజ్ మోటారు ఉల్టా తిరుగుతుంది. ఇళ్లలో సింగిల్ ఫేజ్ ఫ్యాన్లకూ బల్బులకూ తేడా ఏమీ తెలియదు. ఇలాంటి పంపు ఉల్టా తిరిగినా నీరు పోస్తూనే ఉంటుంది, ఒత్తిడే సగానికి సగం పడిపోతుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నీటిని తోసే చక్రాన్ని, అంటే ఇంపెల్లర్‌ను, మరతో బిగించే పంపులు కొన్ని ఇలా తిరిగితే అది ఊడి లోపల రాసుకుపోతుంది. మా దానికి లాకింగ్ స్క్రూ ఉండబట్టి బతికిపోయింది.

స్టార్టర్ దగ్గర రెండు వైర్లు మార్చగానే ముల్లు 14కు లేచింది. మావ టెస్టర్ జేబులో పెట్టుకుని, పార సంగతి ఎత్తకుండా, పక్క తోట బోరు వైపు నడిచాడు.

ఇక్కడితో అయిపోలేదు. కొన్నాళ్లకు లైన్ మళ్లీ సరిచేసి అసలు వరసకు తెచ్చినట్టున్నారు, మా ముల్లు మళ్లీ 5! ఈసారి బుట్టలు కూడా తెరవకుండా నేరుగా స్టార్టర్ దగ్గరికే వెళ్లాను. ఆ తర్వాత ఫేజ్ వరస మారితే మోటారే స్టార్ట్ కాకుండా ఆపే రిలే ఒకటి పెట్టించాం. త్రీ ఫేజ్ పంపు ఉన్నవాళ్లకు నా మొదటి సలహా అదే.

గేజ్‌ను ఇంతగా మెచ్చుకున్నాను గానీ, కంపెనీ ఇచ్చిన గేజ్ ఎక్కువ కాలం ఆగలేదు. క్లోరిన్ డబ్బాలు అదే గదిలో ఉండేవి, ఆ ఆవిరికి లోపల తుప్పు పట్టింది. మోటారు ఆపినా ముల్లు 8 దగ్గరే వేలాడేది. గ్లిజరిన్ నింపినది తెచ్చి, మరకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాను, డబ్బాలు వేరే చోటికి మార్చాను. అప్పటి నుంచి మోటారు ఆపిన ప్రతిసారీ సున్నా వచ్చిందా అని ఓ చూపు చూస్తాను.

ముల్లు చెప్పలేనివి కూడా ఉన్నాయి. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కొన్నేళ్లకు ఇసుక గడ్డలు కట్టి, వాటి మధ్య నీరు దారి చేసుకుని జారిపోయింది. ముల్లు హాయిగా 12 చూపిస్తోంది, నీళ్లు మాత్రం మసకగానే ఉన్నాయి. అప్పుడు ఇసుక మార్చాం. వంశధారది కాదు, గూడూరు వైపు నుంచి వచ్చే సిలికా, గింజ అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉన్నది. ఏటి ఇసుకలో మట్టీ, గింజ తేడాలూ ఎక్కువ, సన్నదంతా అడుగు జాలీల్లోంచి కొలనులోకే దిగుతుంది. మురికి అడుగుకు దిగడానికి పటిక వేసిన రోజున మాత్రం ఫిల్టర్‌ను నమ్ముకోను. అడుగున పేరుకున్న మడ్డిని వేస్ట్ లైన్లో బయటికే లాగేస్తాను, ఇసుకలోకి పంపితే ముల్లు గంటలో పైకి పోతుంది.

మల్టీపోర్ట్ వాల్వ్ సాధారణంగానే ఉంది. గాస్కెట్ ఒకసారి మార్చాను, పిడి మీద అక్షరాలు ఎండకు వెలిసిపోయాయి.

కొనొచ్చా అంటే, రోజూ గేజ్ వైపు ఓ కన్నేసే మనిషి ఉన్న చోట ఇది మంచి ఫిల్టరే. వారానికోసారి వచ్చిపోయే పనివాడి మీద వదిలేసే ఇళ్లకైతే నేను గట్టిగా చెప్పలేను. చెట్లు లేని మేడ మీద, సింగిల్ ఫేజ్ పంపుతో నడిచే చిన్న కొలనుకు నేను చెప్పిన తలనొప్పుల్లో సగం ఉండవు. మాకు చెట్లు ఎక్కువ, పిల్లలు ఎక్కువ, బోరు నీళ్లు వేరే. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకంలో ఒక సైజు పెద్దది తీసుకుంటాను, మే నెలలో రోజు విడిచి రోజు బ్యాక్‌వాష్ కొట్టి నీళ్లు తోటకు వదలాల్సిన పని తగ్గుతుంది. తోట చూసే మనిషి మాత్రం ఇదే ఉంచమంటున్నాడు, కొత్త మొక్కలకు ఆ నీళ్లే సరిపోతున్నాయట.