పండు చెవి దగ్గర రెండేళ్లు: ఇంటి గ్లూకోమీటర్‌తో నా అనుభవం

మా అత్తయ్య షుగరు చూసుకునే గ్లూకోమీటర్‌తోనే రెండేళ్లుగా మా పిల్లి పండుకూ చూస్తున్నాను. సూదులు మాత్రం ఎవరివి వారివే. మాది కావలి.

జబ్బును మొదట పట్టింది అత్తయ్యే. పండు రోజూ రెండు గిన్నెల నీళ్లు ఖాళీ చేసేవాడు. ఎంత తిన్నా వెన్నెముక చేతికి తగిలేది. ఇసుక తొట్టిలో తడిసిన చోటల్లా చీమలు. "ఇది షుగరే అమ్మాయ్, డాక్టరుకు చూపించు" అన్నారు. అప్పటికే వాడు వెనక కాళ్లు మడమల దాకా నేలకు ఆనించి నడుస్తున్నాడు. షుగరు నరాలను దెబ్బతీసిన గుర్తు అదని పశువైద్యుడు చెప్పాకే తెలిసింది.

రక్తం చెవి అంచున తీయాలి. అక్కడ దారమంత రక్తనాళం ఉంటుంది. గోరువెచ్చని గుడ్డతో చెవిని కాసేపు పట్టుకుని, వెనక దూది ఆనించి గుచ్చితే ఆవగింజంత చుక్క వస్తుంది, అది చాలు. మొదటి వారం చేతులు వణికి ఎన్నో స్ట్రిప్పులు పాడుచేశాను. ఇప్పుడు ఉడికిన చేప ముక్క చూపిస్తే వాడే వచ్చి ఒళ్లో కూర్చుంటాడు.

ఆసుపత్రిలో 340 చూపిన రోజు సాయంత్రమే ఇంట్లో 210 వచ్చింది. భయపడినా పిల్లికి చక్కెర పెరుగుతుంది, అందుకే ఇంటి లెక్క కావాలి. పులుసన్నం మానిపించి (అందులోని ఉల్లి కూడా పిల్లికి విషమే) డాక్టరు చెప్పినట్టు అన్నం లేని చేప, కోడిమాంసం పెట్టాక ఇన్సులిన్ అవసరం తగ్గుతూ వచ్చింది. ఒక ఉదయం ఇంజెక్షన్‌కు ముందు చూస్తే 64, బాగా తక్కువ. ఇన్సులిన్ వేయకుండా డాక్టరుకు ఫోను చేశాను. చూడకుండా వేసి ఉంటే పండు నాకు దక్కేవాడు కాదేమో.

లోపాలూ ఉన్నాయి. మనుషుల మీటర్ పిల్లి రక్తంలో చక్కెరను అసలు కంటే తక్కువగా చూపుతుంది. జంతువుల మీటర్ కోసం నెల్లూరు పొగతోట దాకా వెళ్లి అడిగినా నాకు దొరకలేదు. ఏ మీటర్‌తో చూస్తున్నారో డాక్టరుకు తప్పక చెప్పండి. స్ట్రిప్పుల ఖర్చు మీటర్ ధరను ఎప్పుడో దాటిపోయింది.

సిరంజి విషయం మరీ ముఖ్యం. మా ఇన్సులిన్ 100 రకం, అంటే మిల్లీలీటరుకు 100 యూనిట్లు. ఒకసారి మందుల షాపులో ఎర్ర మూత ఉన్న 40 రకం సిరంజి ఇచ్చారు. దానితో అదే గీత దాకా తీస్తే రెండున్నర రెట్లు మందు ఎక్కుతుంది. 100 రకం ఇన్సులిన్ అయితే నారింజ మూత సిరంజి చూసి తీసుకోండి.

ఏడు నెలలకు ఇన్సులిన్ ఆగింది. తిరగబెట్టవచ్చన్నారు కాబట్టి వారానికి రెండుసార్లు చూస్తూనే ఉన్నాను. పండు మళ్లీ పిట్టగోడ ఎక్కుతున్నాడు. నిన్న 96.