ఆర్టికల్‌షిప్: చిన్న ఆఫీసా, పెద్ద ఫర్మా?

సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ అయ్యాక ఆర్టికల్‌షిప్, అంటే ప్రాక్టీసు చేసే సీఏ దగ్గర పని నేర్చుకునే ట్రైనింగ్, ఇప్పుడు రెండేళ్లే. 2023 మార్పులకు ముందు మూడేళ్లుండేది. ట్యాక్స్ నేర్చుకోవాలంటే నా ఓటు చిన్న ఆఫీసుకే. కిరాణా కొట్టాయన సంచెడు బిల్లులు తెచ్చి టేబుల్ మీద కుమ్మరిస్తాడు. వాటిని ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, నెలనెలా 11కల్లా జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్ను), 20కల్లా 3బీ (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను) వేసేది మనమే. పోర్టల్ మొరాయిస్తే టెన్షనూ మనదే. నోటీసొస్తే జవాబు డ్రాఫ్టు కూడా మన చేతికే వస్తుంది. స్టైపెండ్ మాత్రం బస్ పాసుకీ టీకీ సరి.

పెద్ద ఫర్మ్‌లో డబ్బు మెరుగు, రెజ్యూమెలో పేరుకు బరువు. ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ (ఒకే గ్రూపు కంపెనీలు తమలో తాము వేసుకునే ధరల మీద పన్ను లెక్కలు) లాంటివి ఎక్కువగా అక్కడే చూస్తాం. కానీ ఆడిట్ టీమ్‌లో వేస్తే రెండేళ్లలో ఒక్క రిటర్నూ వేయకుండానే బయటికి రావచ్చు. ఏ టీమో చేరే ముందే అడిగి తేల్చుకోండి.