ఉప్పుగాలిలో అంబాసిడర్ అడుగు భాగం: నల్ల తారు పూతా, ఎపాక్సీ-మైనమా?

శ్రీకాకుళం తీరంలోని కళింగపట్నం నుంచి విజయనగరం తీరంలోని చింతపల్లి దాకా సముద్రానికి దగ్గరగా తిరిగే అంబాసిడర్‌కి అడుగున ఏ పూత నిలుస్తుందని అడిగితే మా జవాబు ఇది: శుభ్రం చేసిన రేకు మీద రెండు పూతల ఎపాక్సీ ప్రైమర్ (హార్డెనర్ కలిపి కొట్టే, గట్టిపడే మొదటి పూత), అతుకుల్లో పీయూ (పాలీయూరిథేన్) సీలెంట్, రేకు మడిచి చేసిన మూసి ఉన్న పెట్టెల లోపల మైనం. వాటర్ సర్వీసింగ్ అయిన గంటకే కొట్టి పంపే నల్ల తారు పూత పాత బండికి వద్దు. రెండింటినీ ఎన్నో వానాకాలాలు వాడి, విప్పి చూశాక చెబుతున్న మాట.

అంబాసిడర్‌కి లారీలాగా విడిగా చాసిస్ ఉండదు. బ్రిటిష్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన ఆ నిర్మాణం 2014లో ఉత్తర్‌పారా కర్మాగారంలో తయారీ ఆగిపోయేదాకా అలాగే సాగింది. నేల రేకు, తలుపుల కింద పొడవునా ఉండే పెట్టె (షెడ్లలో సిల్ అంటారు), అడ్డ దూలాలు అన్నీ కలిసే బరువు మోస్తాయి. అందుకే సిల్‌కి పట్టిన తుప్పును అందానికి సంబంధించిన విషయంగా తీసిపారేయకూడదు. బండి ఒక పక్క జాకీ ఎత్తి ముందు తలుపు తెరిచి మూసి చూడండి. బండి నేల మీద ఉన్నప్పుడు సరిగా మూసుకున్న తలుపు జాకీ మీద పట్టేస్తుంటే ఆ పక్క సిల్ బలం తగ్గిందని అనుమానించాలి.

తుప్పు ముందుగా పట్టే చోట్లు దాదాపు అన్ని బళ్లలోనూ అవే. ముందు చక్రం వెనక, సిల్ మొదలయ్యే మూల. ముందు సీట్ల దగ్గర కాళ్లు పెట్టుకునే నేల. డిక్కీ అడుగున స్టెప్నీ ఉండే అర. వెనక కమాను పట్టీలు బిగించే బ్రాకెట్లు. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది టార్షన్ బార్ల (ముందు చక్రాలకు స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు కడ్డీల) వెనక కొసలు బిగించి ఉండే అడ్డ దూలం. దాని మీద మట్టి చేరి నెలల తరబడి చెమ్మ పట్టి ఉంటుంది. మన దగ్గర దానికి ఇంకొకటి తోడవుతుంది. వరి, ఉలవల నూర్పిళ్ల కాలంలో రోడ్ల మీద ఆరబోసిన పంట మీదుగా వెళ్తే ఎండు మొక్కలు దూలం చుట్టూ, సైలెన్సర్ చుట్టూ చుట్టుకుంటాయి. సైలెన్సర్ దగ్గర అది నిప్పు ప్రమాదం, దూలం దగ్గర తడి గుడ్డ చుట్టినట్టే. ఆ కాలంలో వారానికోసారి చేత్తో తీసేయాలి. చిన్న సుత్తితో తట్టి చూస్తే మంచి రేకు ఖణఖణమంటుంది, తిన్న రేకు బొదబొదలాడుతుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి, మొహమాటపడొద్దు.

నల్ల తారు పూత మొదటి ఏడాది బాగానే ఉంటుంది, రోడ్డు చప్పుడు కూడా తగ్గుతుంది. తర్వాత రాయి తగిలి చీలిన చోటో, అంచు లేచిన చోటో నీరు దూరుతుంది. దూరిన నీటికి ఆరిపోయే దారి ఉండదు, రేకు వెంట పాకుతుంది. పైకి నల్లగా, నున్నగా కనిపిస్తూనే ఉంటుంది, బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది. ఆ పెచ్చు లేపితే కింద పొరలు పొరలుగా తడి తుప్పు. తప్పంతా డబ్బాలోని సరుకుది కాదు. ప్రైమర్ ఉన్న కొత్త రేకు మీద ఇదే పూత మెరుగ్గా నిలుస్తుంది. నూనె మట్టి మీద, కడిగిన తడి ఆరకముందే కొట్టడం దాన్ని చంపుతోంది. పాత బండికి ఎక్కువచోట్ల జరిగేది అదే.

బండిలోంచి తీసేసిన పాత ఇంజిన్ ఆయిల్‌లో డీజిల్ కలిపి కొట్టే అలవాటు ఇప్పటికీ ఉంది. తుప్పును కొంత నెమ్మదింపజేస్తుంది, నిజమే. కానీ రబ్బరు బుష్‌లను, బ్రేకు హోస్‌లను ఉబ్బిస్తుంది, డ్రమ్ములోకి కారితే బ్రేకు పట్టదు, తర్వాత ఏ పెయింటూ అంటదు. వాడొద్దు.

పనిలోకి వస్తే: బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, సైలెన్సర్, సీట్లు, కార్పెట్లు దించాలి. కార్పెట్ కింది ఫెల్ట్ చెమ్మ పట్టి ఉంటే మళ్లీ వేయకుండా పారేయండి. బండిని 3 టన్నుల స్టాండ్లు నాలుగింటి మీద నిలబెట్టాలి, జాకీని నమ్మి కిందికి దూరొద్దు. గోకుడు, కడుగుడు షెడ్డు గొయ్యిలోంచి చేయొచ్చు గానీ పెయింటు మాత్రం గొయ్యిలో నిలబడి కొట్టకూడదు. తిన్నరు ఆవిరి గాలికన్నా బరువు, గొయ్యిలోనే పేరుకుంటుంది. ఊపిరికీ ప్రమాదమే, ఒక్క నిప్పురవ్వకీ ప్రమాదమే. ముఖానికి గుడ్డ కట్టుకుంటే చాలదు, కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి.

పాత తారును హీట్‌గన్‌తో మెత్తబరిచి స్క్రేపర్‌తో తీయాలి. మిగిలిన జిడ్డును కిరోసిన్‌తో, ఆ తర్వాత సబ్బునీళ్లతో కడగాలి. ఇక్కడ తీరప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. భావనపాడు, కళింగపట్నం వైపు చాలా బోర్లలో నీళ్లే ఉప్పన. ఆ నీళ్లతో కడిగితే వదిలించిన ఉప్పును మళ్లీ పూసినట్టే. ఆఖరి కడుగుడు మంచినీళ్లతోనే జరగాలి. మంచినీళ్ల ప్లాంట్లలో వాడే, నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు ఒకటి దగ్గర పెట్టుకోండి. పోసే నీటి రీడింగు, రేకు మీంచి కారి వచ్చే నీటి రీడింగు పోల్చండి. కారే నీటిది బాగా ఎక్కువగా ఉంటే ఇంకా ఉప్పు వదలలేదు, మళ్లీ కడగాలి. తుప్పు గుంటల్లో దాగిన ఉప్పు పైనుంచి కనపడదు. ఎంత ఖరీదైన ప్రైమర్ వేసినా కిందనుంచి పొక్కులు లేవడానికి పెద్ద కారణం అదే. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ వంటి తుపాన్లలో నీళ్లలో నిలిచిన బండి అయితే సిల్ లోపల ఎండిన ఒండ్రు ఉండొచ్చు. ఫోనుకు తగిలించే చిన్న పైపు కెమెరాను సిల్ చిల్లులోంచి పంపి చూడండి. ఒండ్రు ఉంటే సన్నపైపుతో నీళ్లు కొట్టి, కింది చిల్లుల్లోంచి తేట నీరు వచ్చేదాకా కడగాలి.

తుప్పు తీయడంలో గ్రైండరుకి వైర్ కప్పు బ్రష్ వేసి మెరిపిస్తే పని అయిపోయిందనుకోవద్దు. ఆ బ్రష్ తుప్పును పాలిష్ చేస్తుంది, గుంటల్లోది అలాగే ఉంటుంది. 60 లేదా 80 గ్రిట్ ఫ్లాప్ డిస్క్ మేలు, శాండ్ బ్లాస్టింగ్ ఇంకా మేలు. బ్లాస్టింగ్‌కి నది ఇసుక వాడనివ్వకండి, ఆ సిలికా ధూళి ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. గార్నెట్ వాడాలి. మన తీరపు ఇసుకలోనే ఆ ఖనిజం ఉంది గానీ, వాడాల్సింది శుద్ధి చేసి అమ్మేదే. సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చిన ఇసుకలో ఉప్పు ఉంటుంది. పలుచని రేకు మీద ఒత్తిడి 60-70 పీఎస్‌ఐ దాటితే రేకు వంకర తిరుగుతుంది.

గుంటలకు ఫాస్ఫారిక్ ఆమ్లం. 85 శాతం ఆమ్లం ఒక పాలుకి నీళ్లు ఐదు పాళ్లు కలిపితే సుమారు 20 శాతం ద్రావణం వస్తుంది. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. 15-20 నిమిషాలు ఆరనీయకుండా తడుపుతూ, నైలాన్ బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. జిగటగా మిగిలిన ఆమ్లం మీద ఎపాక్సీ నిలవదు. కడగడానికి వీల్లేని స్పాట్ వెల్డింగ్ అతుకుల్లో, మూసిన పెట్టెల్లో ఆమ్లం పోయొద్దు. టార్షన్ బార్లకు, కమాను పట్టీలకు అసలే తగలనివ్వొద్దు. గట్టి స్ప్రింగు ఉక్కును ఆమ్లం పెళుసు చేయగలదు. టార్షన్ బారు మీద గ్రైండరు గాటు పడినా అక్కడే పగులు మొదలవుతుంది. దాన్ని చేత్తో శుభ్రం చేసి పెయింటు వేస్తే చాలు.

వెల్డింగ్ చేసేవాళ్లకి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. తుప్పు రేకు మీద కొత్త రేకు అతికించొద్దు, మంచి లోహం వచ్చేదాకా కోసి, అంచుకు అంచు కలపాలి. రెండు సిల్‌లూ ఒకేసారి కోయొద్దు, తలుపు సందులో అడ్డంగా గొట్టం పెట్టి బిగించాకే ఒక్కో పక్క కోయాలి. నేలకు 18 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీట్, అంటే సుమారు 1.2 మి.మీ. మందం సరిపోతుంది. గ్యాస్ వెల్డింగ్ వేడికి రేకు అలలు తిరుగుతుంది. 0.8 మి.మీ. తీగతో సీవోటూ వెల్డింగ్, రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున చోటు మారుస్తూ వేయించండి.

ఎపాక్సీకి జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. పొద్దున్నే రేకు మీద మంచు పడి ఉంటుంది కాబట్టి పది గంటలకు మొదలుపెట్టి నాలుగింటికి ఆపాలి. గాలి 30 డిగ్రీలు, చెమ్మ 80 శాతం ఉన్న రోజున రేకు 26 డిగ్రీలకు చల్లబడితే దాని మీద నీటి పొర కడుతుంది. రేకు దానికన్నా కనీసం 3 డిగ్రీలు వేడిగా, అంటే 29కి పైన ఉండాలి. చెమ్మ 85 శాతం దాటితే ఆ రోజు పని మానేయండి. అడుగు భాగం, మడ్‌గార్డుల లోపలి వైపు కలిపి సుమారు 10 చదరపు మీటర్లు. ఒక్కో పూత ఆరాక 50 మైక్రాన్లు ఉండేలా రెండు పూతలకు, గన్నుతో పోయే వృథా కలుపుకొని, 3 నుంచి 4 లీటర్లు పడుతుంది. జింక్ ఫాస్ఫేట్ ఉన్న రెండు డబ్బాల రకం (ఒకటి పెయింటు, ఇంకొకటి దాన్ని గట్టిపరిచే హార్డెనర్) తీసుకోండి. హార్డెనర్ పాలు డబ్బా మీద రాసినట్టే కొలవాలి, కంటి అంచనా పనికిరాదు. మన ఎండకు కలిపిన సరుకు త్వరగా గట్టిపడుతుంది, అర లీటరు చొప్పునే కలపండి. అతుకులు, బోల్టుల చుట్టూ, రేకు అంచులకు ముందు కుంచెతో పూసి, ఆ తర్వాత గన్నుతో కొట్టాలి. ఈ కుంచె పూత వేసిన చోటకీ వేయని చోటకీ తేడా ఏళ్ల తర్వాత కళ్లకు కడుతుంది.

సీలెంట్ ప్రైమర్ మీదే పడాలి, ఒట్టి రేకు మీద కాదు. 310 మి.లీ. పీయూ గొట్టాలు మూడు నాలుగు పడతాయి. బాత్రూమ్‌కి వాడే, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడొద్దు, అది ఆరేటప్పుడు విడుదలయ్యే ఆమ్లమే తుప్పు తెస్తుంది. రాళ్లు కొట్టే మడ్‌గార్డుల లోపలి వైపు మాత్రమే రాళ్ల దెబ్బను తట్టుకునే స్టోన్ చిప్ పూత వేస్తే చాలు.

మైనం ఆఖరున. సిల్‌లలో, దూలాల్లో, వెల్డింగ్ వెనక పెయింటు కాలిపోయిన చోట, అన్ని వైపులకీ చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి పైపుతో కొట్టాలి. మొత్తం రెండు మూడు లీటర్లు. డబ్బాను ఎండలో పెట్టి వెచ్చబరిస్తే అతుకుల్లోకి బాగా పాకుతుంది. మర్నాడు నీళ్లు పోయే చిల్లులన్నిట్లో తీగ దూర్చి తెరవాలి. చిల్లు మూసుకుపోయిన సిల్ నీళ్ల తొట్టిగా మారుతుంది. బ్రేకు డ్రమ్ములు, హ్యాండ్‌బ్రేకు కేబుల్, సైలెన్సర్, రబ్బరు భాగాలు, వెనక ఆక్సిల్ బ్రీదర్ (గాలి పోయే చిన్న దారి), చాసిస్ నంబరు మీద ఏ పూతా పడకుండా పేపరు చుట్టండి.

ఇన్నేళ్ల వాడకంలో తేలింది: నేల రేకు, సిల్ లోపలి భాగం గట్టిగా నిలిచాయి. దెబ్బతిన్నవి మడ్‌గార్డు అంచులు, ముందు చక్రాల వెనక మూలలు. అక్కడ రాయి తగిలి ఎపాక్సీ లేస్తుంది. కానీ బూడిద రంగు పూత మీద ఎర్రటి తుప్పు చుక్క వెంటనే కనిపిస్తుంది, ఆ అరచేతి మేర గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పూస్తే సరిపోతుంది. ఎపాక్సీని ఇంత ఇష్టపడటానికి మొదటి కారణం ఇదే. నల్ల పూత ఆ చుక్కను దాచేస్తుంది. మైనానికి ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి వేసవిలో చిల్లుల్లోంచి కారి నేల మీద మరకలు పడతాయి, బండి లోపల కొన్ని వారాలు వాసన ఉంటుంది, బయట పూసిన చోట దుమ్ము, గడ్డి అంటుకుంటాయి, ప్రెజర్ వాషింగ్‌కి చక్రాల దగ్గరది లేచిపోతుంది. అందుకే దాన్ని మూసిన పెట్టెల్లోనే ఉంచడం మంచిది. ఖర్చులో పెద్ద భాగం సరుకుది కాదు, గోకే, కడిగే కూలిది. అందులో కోత పెట్టే షెడ్డుకి పని ఇవ్వకండి.

నిర్వహణ: జూన్ వానలకు ముందు ఒకసారి, తుపాన్ల కాలం ముగిసి సంక్రాంతి దాటాక ఒకసారి కిందికి దూరి చూడాలి. చిల్లుల్లో తీగ తిప్పాలి, లేచిన చోట ఎపాక్సీ పూయాలి. సిల్‌లలో మైనం రెండేళ్లకోసారి పక్కకి పావు లీటరు చొప్పున కొడితే నడుస్తుంది. బీచ్ ఇసుకలోకి దిగినా, ఉప్పుటేరు నీళ్లలోంచి వచ్చినా అదే రోజు మంచినీళ్లతో అడుగు కడగాలి. ఆ నీరు సిల్ చిల్లు ఎత్తు దాటి ఉంటే లోపల కూడా కడిగి, రెండు మూడు రోజులు ఎండలో ఆరనిచ్చి మైనం మళ్లీ కొట్టాలి.