కూకట్‌పల్లా, కొండాపూరా?

హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చి అద్దె ఇల్లు వెతికేవాళ్లలో చాలామంది చివరికి ఈ రెండింటి మధ్యే ఊగిసలాడతారు. అదే డబుల్ బెడ్‌రూమ్‌కి కొండాపూర్‌లో అద్దె ఎక్కువ. గేటెడ్ అపార్ట్‌మెంట్ అయితే మెయింటెనెన్స్ అదనం.

తిండి విషయంలో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి, అదే కేపీహెచ్‌బీకి, తిరుగులేదు. సాయంత్రం ఏడయ్యేసరికి కర్రీ పాయింట్ల ముందు జనం మూగుతారు. పప్పు, వేపుడు, సాంబారు కవర్లలో కట్టించుకుని వెళ్తే ఇంట్లో అన్నం ఒక్కటి వండుకుంటే చాలు. రైతుబజారూ దూరం కాదు. కాకపోతే ఒకదానికొకటి ఆనుకుని లేచిన బిల్డింగుల్లో గాలీ వెలుతురూ తక్కువ. బండి ఎక్కడ పెట్టాలన్నది రోజూ ఓ పంచాయితీ.

మెట్రో ఉంది కదా అని మురిసిపోకండి. 2017 నుంచి కేపీహెచ్‌బీలో స్టేషన్ ఉన్నా, హైటెక్ సిటీకి అమీర్‌పేట వెళ్లి రైలు మారాలి. అంత చుట్టు తిరగలేక చాలామంది జేఎన్‌టీయూ దగ్గర నుంచి రోడ్డు మీదే పోతారు, ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ. అమీర్‌పేట, ఎల్బీనగర్ వైపు పనున్నవాళ్లకి మాత్రం మెట్రో నిజంగా హాయి.

కొండాపూర్‌లో మెట్రో లేదు, కానీ ఆఫీసు దగ్గరే. పొద్దున నడకకి కొత్తగూడ బొటానికల్ గార్డెన్ ఉంది. ఎండాకాలం బోర్లు ఎండితే ట్యాంకర్ల ఖర్చు ఎవరిదో అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకోండి.

ఒంటరిగా ఉండేవాళ్లకి నా ఓటు కూకట్‌పల్లికే. భార్యాభర్తలిద్దరూ గచ్చిబౌలి వైపు పనిచేస్తూ, ఇంట్లో చంటిపిల్ల ఉంటే, అద్దె ఎక్కువైనా కొండాపూరే.