ఇంటి పనుల మధ్య ఎంఏ: ఇగ్నో దూరవిద్యపై ఒక తల్లి సమీక్ష

పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చాక మళ్లీ చదువుకోవాలనుకునే వారు సాధారణంగా ఫీజు ఎంత, పట్టాకు విలువ ఉందా అని అడుగుతారు. ఆ రెండూ అవసరమైన ప్రశ్నలే. కానీ సంసారం ఉన్నవారు వాటికంటే ముందు అడగవలసింది మరొకటి ఉంది: ఇంట్లో పెద్దవాళ్లకు జబ్బు చేసో, పిల్లల పరీక్షలు వచ్చో ఆరు నెలలపాటు పుస్తకం ముట్టలేకపోతే ఈ విశ్వవిద్యాలయంలో నా చదువు ఏమవుతుంది? ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, అంటే మనమంతా ఇగ్నో అని పిలిచే చోట, సోషియాలజీలో ఎంఏ పూర్తి చేసిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ ప్రశ్నకు అక్కడ దొరికే జవాబు నన్ను తృప్తిపరిచింది. మిగతా విషయాలలో మాత్రం చేరేముందే తెలుసుకుని ఉండవలసినవి కొన్ని ఉన్నాయి.

నా పరిస్థితి చెబితేనే నా అభిప్రాయానికి అర్థం ఉంటుంది. డిగ్రీ అయిన వెంటనే పెళ్లయింది. ఇద్దరు పిల్లలు. హనుమకొండలో ఒక ప్రైవేటు పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. నా భర్త ఉద్యోగరీత్యా వారంలో సగం రోజులు ఊళ్లో ఉండరు, అత్తయ్య మాతోనే ఉంటారు. ఇటువంటి ఇంటి నుంచి రెగ్యులర్ కాలేజీకి వెళ్లి ఎంఏ చదవడం కుదరదు. కాబట్టి దూరవిద్యలో చేరాలా వద్దా అన్న మీమాంస నాకు లేదు, ఎక్కడ చేరాలన్నదే ఆలోచించాను.

అన్నిటికంటే ముఖ్యమైనది సమయం కాబట్టి దాన్ని కాస్త వివరంగా చెబుతాను. ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పుస్తకం చదవడం, అసైన్‌మెంట్లు రాయడం, తరగతులకు వెళ్లడం అన్నీ అందులోకే వస్తాయి. నేను చేరినప్పుడు ఎంఏ సోషియాలజీకి మొత్తం 64 క్రెడిట్లు, అంటే 1,920 గంటలు. దీన్ని రెండేళ్లలో పూర్తి చేయాలంటే వారానికి 18 గంటలకు పైగా, రోజుకు రెండున్నర గంటలకు పైగా చదవాలి. ఉద్యోగం, వంట, పిల్లల హోంవర్కు ఉన్న ఇంట్లో సంవత్సరం పొడవునా అది సాధ్యమని ఎవరైనా అంటే నేను నమ్మను. కానీ ఈ కోర్సు పూర్తి చేయడానికి కనీస కాలం రెండేళ్లయితే గరిష్ఠ కాలం నాలుగేళ్లు. అదే చదువును నాలుగేళ్లకు పరిస్తే రోజుకు సుమారు గంటా ఇరవై నిమిషాలు చాలు. తెల్లవారుజామున ఇల్లు లేవకముందు ఒక గంట, రాత్రి పిల్లలు పడుకున్నాక ఇంకొంచెం సేపు కూర్చుంటే సరిపోతుంది. ప్రాస్పెక్టస్‌లో ఒక వరుసలో కనిపించే ఈ గరిష్ఠ కాలమే నా దృష్టిలో ఈ సేవలోకెల్లా విలువైనది. చేరాలనుకునే ప్రతి తల్లీ తండ్రీ తాము ఎంచుకున్న కోర్సుకు క్రెడిట్లు ఎన్నో చూసుకుని, 30తో గుణించి, తమ ఇంట్లో రోజుకు ఎన్ని గంటలు నిజంగా మిగులుతాయో దానితో భాగించి చూసుకోవాలి. ఆ లెక్క చూశాకే ఫీజు కట్టాలి.

పరీక్షల పద్ధతి కూడా దీనికి తగినట్టే ఉంది. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లోనూ డిసెంబరులోనూ పరీక్షలు జరుగుతాయి. ఏ విడతలో ఏ పేపరు రాయాలో మనమే ఎంచుకుని, ఆ పేపర్లకే ఫీజు కడతాం. నేను రాసినప్పుడు థియరీ పేపరుకు 200 రూపాయలు ఉండేది. మొదటి ఏడాది పేపర్లన్నీ రాయకపోయినా రెండో ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు. మా పెద్దమ్మాయి పదో తరగతిలో ఉన్న సంవత్సరం నేను ఒక విడత మొత్తాన్ని వదిలేశాను. ఎవరి అనుమతీ అడగవలసిన పని పడలేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. తరువాతి విడతలో ఆగిన చోటినుంచే మొదలుపెట్టాను. కుటుంబం ఉన్న మనిషికి ఇంతకంటే పెద్ద గౌరవం ఏ విద్యాసంస్థా ఇవ్వజాలదనుకుంటాను.

పాఠ్యపుస్తకాల విషయానికి వస్తే, వాటి నాణ్యత నేను ఆశించినదానికంటే ఎక్కువగా ఉంది. ఒక్కొక్క కోర్సును బ్లాకులుగా, బ్లాకులను యూనిట్లుగా విడగొట్టి, ప్రతి యూనిట్‌లో మధ్య మధ్య ప్రశ్నలు ఇచ్చి, పక్కన గురువు లేకుండానే చదువుకునేలా రాశారు. ఒక యూనిట్ సాధారణంగా ఒకటి రెండు సిట్టింగులలో పూర్తవుతుంది. ముక్కలు ముక్కలుగా దొరికే సమయంలో చదివేవారికి ఈ కొలత ఎంత ఉపకరిస్తుందో అనుభవిస్తే తప్ప తెలియదు. ఈ పుస్తకాలు ఈజ్ఞానకోశ్ అనే ఇగ్నో వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అందువల్ల చేరకముందే మొదటి రెండు మూడు యూనిట్లు చదివి, ఆ భాషా ఆ లోతూ తమకు నప్పుతాయో లేదో చూసుకోవచ్చు. అచ్చు పుస్తకాలు వద్దని డిజిటల్ ప్రతులు తీసుకుంటే నేను చేరిన రోజుల్లో ఫీజులో 15 శాతం తగ్గించేవారు. నేను అచ్చు పుస్తకాలే తీసుకున్నాను, ఎందుకంటే అమ్మ చేతిలో ఫోను ఉంటే పిల్లలు పక్కకు చేరతారు, పుస్తకం ఉంటే కాస్త దూరం జరుగుతారు.

వయసు వచ్చాక చదివితే సబ్జెక్టు ఎంత వేరుగా అర్థమవుతుందో కూడా ఇక్కడే చెప్పాలి. భారత గ్రామాలపై జరిగిన అధ్యయనాల గురించి చదువుతున్నప్పుడు, ఎస్.సి. దూబే 1950ల మొదట్లో హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేటను అధ్యయనం చేసిన సంగతి తెలిసింది. కులవృత్తుల వారికి పంట సమయంలో ధాన్యం కొలిచి ఇచ్చే పద్ధతి గురించి చదివి, రాత్రి భోజనాల దగ్గర అత్తయ్యను అడిగాను. ఆమె తన చిన్ననాట కళ్లంలో చాకలికి, మంగలికి, కుమ్మరికి, వడ్రంగికి ఎవరి వాటా ఎలా తీసేవారో, ఎవరు ముందు నిలబడేవారో, ఎవరు దూరంగా నిలబడేవారో గంటసేపు చెప్పారు. "ఇవి కూడ పుస్తకాలల్ల రాస్తరా బిడ్డా?" అని అడిగారు. ఇరవై ఏళ్ల వయసులో చదివి ఉంటే ఈ ప్రశ్న ఆమెను అడగాలన్న ఆలోచనే నాకు వచ్చేది కాదు. ఆ రోజు నుంచి పొద్దున్నే నేను పుస్తకం ముందు కూర్చుంటే పొయ్యి మీద పాలు ఆమే చూసుకునేవారు.

భాష దగ్గర మాత్రం నా మార్కులు తగ్గుతాయి. ఈ ఎంఏ ఇంగ్లిషు, హిందీ మాధ్యమాలలోనే ఉంది. తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదివినవారికి మొదటి ఏడాది నిజంగా కష్టం. సోషియాలజీ సిద్ధాంతాల పేపరులో ఒక పేరా దగ్గరే సాయంత్రమంతా గడిచిన రోజులు నాకున్నాయి. తెలుగులోనే చదవాలనుకునేవారు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని తప్పక పరిశీలించాలి. మన దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా హైదరాబాదులో మొదలై, 1991లో అంబేద్కర్ పేరు పెట్టుకుంది. దాని తెలుగు పుస్తకాలను గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమయ్యేవారు ఇప్పటికీ వెతుక్కుని కొంటారంటే వాటి విలువ తెలుస్తుంది. ఆ విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్‌గా పనిచేసిన జి. రామ్‌రెడ్డి గారే 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఇగ్నోకు కూడా తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. దూరవిద్యకు ఇంత చేసిన నేల మీద పుట్టిన మనకు, జాతీయ స్థాయి పీజీ పుస్తకాలు మన భాషలో దొరకకపోవడం బాధ కలిగిస్తుంది. ఇగ్నో ఎప్పటికైనా ఈ లోటు పూడ్చాలని గట్టిగా కోరుకుంటున్నాను.

అసైన్‌మెంట్లకు 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం వెయిటేజీ. అసైన్‌మెంట్లను చేతితో రాసి గడువులోగా సమర్పించాలి. కంప్యూటరు కాలంలో ఈ చేతిరాత ఎందుకని చాలామంది విసుక్కుంటారు, నాకు మాత్రం అది మేలే చేసింది. ఏళ్ల తరబడి హాజరు పట్టిక, కిరాణా జాబితా తప్ప మరేమీ రాయని చేతికి మూడు గంటల పరీక్ష రాసే అలవాటు అసైన్‌మెంట్లతోనే తిరిగి వచ్చింది. సమర్పించినప్పుడు ఇచ్చే రసీదును, రాసినదాని జిరాక్సు కాపీని గ్రేడ్ కార్డులో మార్కులు కనిపించేదాకా భద్రంగా ఉంచుకోవాలి.

ఈ చదువు చుట్టూ బతికే కొన్ని దుకాణాల గురించి హెచ్చరించడం నా బాధ్యత అనుకుంటున్నాను. రాసిపెట్టిన అసైన్‌మెంట్లు అమ్మేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నాకు కూడా ఒక జిరాక్సు సెంటరులో సోషియాలజీ మొత్తం సెట్టు ఇస్తామని బేరం పెట్టారు. అలాగే ఏడాదిలోనే పీజీ పట్టా ఇప్పిస్తాం, పరీక్షకు కూడా రానక్కరలేదు అంటూ ఒక ఏజెంటు నెల రోజులు ఫోను చేసి విసిగించాడు. పిల్లల ముందు కూర్చుని చదువుతున్న తల్లి, పక్కవాళ్లు రాసినది తన పేరుతో ఇస్తే ఆ పిల్లలు ఏం నేర్చుకుంటారు? నాకు ఈ విషయంలో రాజీ లేదు.

తరగతుల గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. స్టడీ సెంటరులో కౌన్సెలింగ్ తరగతులు ఎక్కువగా సెలవు రోజులలో ఉంటాయి, థియరీ కోర్సులకు హాజరు తప్పనిసరి కాదు. అయితే ప్రాక్టికల్స్ ఉన్న కోర్సులలో ఈ సడలింపు ఉండదు కాబట్టి సైన్సు, సైకాలజీ వంటివి ఎంచుకునేవారు సెలవులు, పిల్లల్ని చూసుకునే మనిషి, ప్రయాణం అన్నీ ముందే ఆలోచించుకోవాలి. థియరీ చదివే మనకు ఎదురయ్యే ఇబ్బంది ఒంటరితనం. తోటివారు కనబడరు, సందేహం వస్తే అడగడానికి ఎదురుగా మనిషి ఉండడు. నేను వెళ్లిన కొద్ది తరగతులలో పరిచయమైన ఒక నర్సు, ఒక గ్రామ కార్యదర్శి, నేను కలిసి ఫోనులో మాట్లాడుకుంటూ చదివాం. చేరిన మొదటి నెలలోనే అలాంటి ఇద్దరినైనా వెతుక్కోమని నా సలహా.

పరీక్షలు ఉదయం 10 నుంచి 1 వరకు, మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు రెండు పూటలుగా జరుగుతాయి. మన పేపర్లు నెల పొడవునా అక్కడక్కడా పడతాయి కాబట్టి పేపరుకూ పేపరుకూ మధ్య చదువుకునే వ్యవధి ఉంటుంది, కానీ సెలవులు మాత్రం ముక్కలు ముక్కలుగా అడగవలసి వస్తుంది. పాఠశాలలో ముందుగానే తేదీలు చెప్పి, తోటి టీచర్లతో పీరియడ్లు మార్చుకోవడం వల్ల నాకు సమస్య రాలేదు.

పట్టా విలువపై ఇంకా అనుమానాలు ఉన్నవారికి ఒక మాట: గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చే దూరవిద్య పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2022 సెప్టెంబరులో మరోసారి స్పష్టం చేసింది. అయితే ఎంఏలో ఉత్తీర్ణతకు 40 శాతం చాలు గాని, కళాశాల అధ్యాపకుల అర్హత పరీక్ష అయిన నెట్ రాసి అధ్యాపక వృత్తిలోకి వెళ్లాలంటే జనరల్ వారికి 55 శాతం, రిజర్వుడు వర్గాల వారికి 50 శాతం కావాలి. ఆ ఆలోచన ఉన్నవారు ఎక్కువ పేపర్లు ఒకేసారి రాసి గట్టెక్కే కన్నా, విడతకు రెండేసి చొప్పున రాసి మంచి మార్కులు తెచ్చుకోవడం మేలు. 2024 నుంచి దూరవిద్యలో చేరేవారు యూజీసీ దూరవిద్య విభాగం (డెబ్) ఇచ్చే డెబ్ ఐడీ తీసుకోవాలి. దానికి ముందు మన క్రెడిట్లను నమోదు చేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా, అంటే ఏబీసీ ఐడీ ఉండాలి. ఆధార్‌లో పెళ్లి తరువాతి ఇంటిపేరు, సర్టిఫికెట్లలో పుట్టింటి పేరు ఉన్న మహిళలు ఈ రెండింటికీ కూర్చునేముందే వాటిని సరిచూసుకుంటే శ్రమ తగ్గుతుంది.

ఇంగ్లిషు చదివి అర్థం చేసుకోగలిగి, తమంతట తాము కూర్చుని చదవగలిగే తల్లిదండ్రులకు ఇగ్నో ఎంఏను నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. ఎవరో వెంటపడి చదివిస్తేనే చదివే స్వభావం ఉన్నవారికి సిఫారసు చేయను. చేరే నెల గురించి కూడా ఆలోచించాలి. ప్రవేశాలు జనవరిలోనూ జులైలోనూ ఉంటాయి. వార్షిక పద్ధతి కోర్సులలో జులైలో చేరినవారికి మొదటి పరీక్షలు మరుసటి జూన్‌లో వస్తాయి. మన రాష్ట్రాలలో బడులు తెరిచే నెల కూడా అదే కాబట్టి ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంల హడావుడిలో మన పరీక్ష పడుతుంది. జనవరిలో చేరినవారికి మొదటి పరీక్షలు డిసెంబరులో ఉంటాయి, పిల్లల వార్షిక పరీక్షలకు అప్పటికింకా వ్యవధి ఉంటుంది. బడికి వెళ్లే పిల్లలున్న ఇంటికి జనవరి ప్రవేశమే అనుకూలమని నా అభిప్రాయం.