శ్రీకాకుళం చెమ్మలో డీహైడ్రేటర్ పనికొస్తుందా? నా అనుభవం

ముందే తేల్చి చెప్పేస్తాను. ఇంట్లో గోంగూర కాయలు, నిమ్మగడ్డి, మునగాకు లాంటివి పండించి, ఎండబెట్టి ఏడాదంతా వాడుకునే అలవాటు ఉంటే, మీది మా శ్రీకాకుళం వైపో విజయనగరం వైపో అయితే, డీహైడ్రేటర్ (కరెంటుతో వేడి గాలి ఆడించి ఆకులూ కాయలూ ఎండబెట్టే పెట్టె) కొనుక్కోండి. కానీ వెనక గోడకి ఫ్యాన్ ఉన్న పెట్టె రకమే తీసుకోండి, ఒకదాని మీద ఒకటి పేర్చే గుండ్రటి ప్లాస్టిక్ ట్రేల రకం వద్దు. నాది ఆరు స్టీలు ట్రేలది, 500 వాట్లు, ఆన్‌లైన్‌లో తొమ్మిది వేల చిల్లర పడింది. కంపెనీ పేరు రాయను, ఇదే పెట్టెని నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, పైగా వాళ్ళతో నాకొక పేచీ ఉంది, అది తర్వాత చెబుతాను.

పక్కింటి పిన్ని దీన్ని చూడగానే "ఏటమ్మా, ఇంత ఎండ పెట్టుకుని కరెంటుతో ఆరబెడతావేటి?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మామిడి ఒరుగులకీ వడియాలకీ నేను ఇప్పటికీ డాబానే వాడతాను, ఏప్రిల్, మే ఎండకి మించిన యంత్రం లేదు. కానీ ఎర్ర గోంగూర కాయలు చేతికొచ్చేది కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. అప్పుడు పొద్దున్నే మంచు, సాయంత్రం ఐదు దాటితే గాలిలో చెమ్మ, మధ్యలో వాయుగుండం పట్టిందంటే వరసగా ముసురు. మనకి పెద్ద తుఫాన్లు కూడా ఆ ముందు నెలల్లోనే వస్తాయి, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే. పగలంతా ఆరిన ఆ కాయల ఎర్ర రేకులు రాత్రి మళ్ళీ మెత్తబడతాయి, రెండు రోజులు అలా జరిగితే ముక్క వాసన, మూడో రోజు బూజు. ఒకవేళ ఎండ బాగా కాసినా ఇంకో నష్టం ఉంది, ఆ ఎరుపు నేరుగా ఎండ తగిలితే వెలిసిపోతుంది. ఆ రంగు కోసమే కదా టీ కాచుకునేది.

అసలు ఈ పద్ధతి నేను నేర్చుకున్నది మా మేనల్లుడి దగ్గర, అదీ గోంగూర కోసం కాదు, హాప్స్ కోసం, అంటే బీరులో వేసే ఒక తీగ కాయల కోసం. వాడు అమెరికాలో ఒరెగాన్‌లో ఉంటాడు, పెరట్లో హాప్స్ తీగ పెంచి ఇంట్లోనే బీరు కాచుకుంటాడు. అక్కడ సొంతానికి బీరు కాచుకోవడం తప్పు కాదు, 1978లో చేసిన ఫెడరల్ చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకూ వెసులుబాటు ఉంది. మన రాష్ట్రంలో లైసెన్స్ లేకుండా కాస్తే నేరం, కాబట్టి నా పెట్టెలో ఎండేవి టీకీ కషాయానికీ పనికొచ్చేవే. హాప్స్ ఇక్కడ పెంచుదామని ఎవరైనా అనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. ఆ తీగకి చల్లటి వాతావరణం, వేసవిలో బాగా పొడుగాటి పగళ్ళు కావాలి. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండిస్తారు, అక్కడి వాతావరణం వేరు.

కానీ వాడు హాప్స్‌ని చూసుకునే తీరు మాత్రం మనం నేర్చుకోవాల్సిందే. కాయ పచ్చిగా ఉన్నప్పుడు నొక్కితే తడితడిగా, మెత్తగా ఉంటుంది. కోతకొచ్చాక నొక్కితే కాగితంలా పొడిగా తగిలి, వదలగానే మళ్ళీ పైకి లేస్తుంది. చీల్చి చూస్తే రేకుల మొదట్లో పసుపు రంగు పొడి కనిపిస్తుంది, దాన్ని లుపులిన్ అంటారు. బీరుకి చేదూ వాసనా ఇచ్చేది అదే. వేళ్ళ మధ్య రుద్దితే జిగురుగా అంటుకుని నిమ్మ తొక్కలాంటి వాసన వస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో కోస్తాడు, కోసిన రోజే ఆరబెట్టడం మొదలుపెడతాడు, ఎందుకంటే ఆ కాయలో 80 శాతం దాకా నీళ్ళే, కుప్పగా వదిలేస్తే లోపల వేడెక్కి పాడైపోతాయి.

వాడికి యంత్రం లేదు. కిటికీకి వేసే దోమల మెష్ ఫ్రేముల మీద హాప్స్ పలచగా పరిచి, కింద నుంచి ఫ్యాన్ గాలి కొట్టేలా పెడతాడు. నేను ఎంత వేడి పెట్టాలని అడిగితే "అత్తా, వేడి కాదు, గాలి ఆడాలి" అన్నాడు. 60 డిగ్రీలు దాటనివ్వకూడదట, దాటితే వాసనంతా గాల్లో కలిసిపోతుంది. కాయ మధ్యలో ఉండే సన్నటి కాడ వంగకుండా టక్కున విరగాలి, పైరేకులు ఎండినంత మాత్రాన సరిపోదు. ఇంకా నమ్మకం కావాలంటే తూకం. కిలో పచ్చి హాప్స్‌లో గట్టి పదార్థం 200 గ్రాములే అనుకుంటే, 10 శాతం తేమ దగ్గర అవి 220 గ్రాముల చిల్లర తూగాలి. అంతకన్నా ఎక్కువుంటే ఇంకా ఆరలేదని అర్థం.

ఇదే లెక్క నేను గోంగూర కాయలకి వాడుతున్నాను. గింజల కాయ తీసేసి ఎర్ర రేకులు మాత్రమే పరుస్తాను, వాటిలో నీళ్ళు ఇంకా ఎక్కువ, కిలో రేకులు 130 గ్రాముల దగ్గరకి వస్తే దించుతాను. వేడి 50 నుంచి 55 డిగ్రీలు. నిమ్మగడ్డికి 40 చాలు, అందులో ఉన్నదంతా ఆవిరైపోయే నూనే. మునగాకు రెమ్మల నుంచి దూసి వేస్తే చక్కగా పచ్చరంగు పోకుండా పెళపెళలాడుతుంది, డాబా మీద నాకు ఎప్పుడూ అంత పచ్చగా రాలేదు. కరెంటు ఖర్చు భయపడేంత లేదు, ఎనిమిది గంటలు ఆపకుండా నడిచినా నాలుగు యూనిట్లు దాటదు.

ఇక లోపాలు. డిస్‌ప్లేలో 50 అని చూపిస్తుంటే, వెనక ఫ్యాన్ దగ్గర నా థర్మామీటర్ 56 చూపించింది, తలుపు వైపు 50 కూడా లేదు. అంటే మధ్యలో ట్రేలు తిప్పి పెట్టాల్సిందే, లేకపోతే వెనక ఉన్నవి మాడిపోయి ముందున్నవి పచ్చిగా మిగులుతాయి. విడిగా చిన్న థర్మామీటర్ కొనుక్కోండి, రెండు మూడు వందలకి దొరుకుతుంది. ట్రే జల్లెడ కన్నాలు పెద్దవి, మునగాకు ఎండాక కిందకి రాలిపోతుంది, సన్నటి మెష్ షీట్లు విడిగా కొనాల్సొచ్చింది. అన్నిటికన్నా చిరాకు, కరెంటు పోయి వచ్చాక యంత్రం తనంతట తాను మొదలవదు. టైమర్ సున్నాకి వచ్చేసి అలా ఉండిపోతుంది. మా వీధిలో రాత్రిపూట కరెంటు పోవడం మామూలే, పొద్దున్న లేచి చూస్తే ట్రేలన్నీ చల్లగా, రేకులు మెత్తగా. దీని గురించి కంపెనీకి ఫోన్ చేస్తే "మాన్యువల్‌లో రాశాం మేడమ్" అన్నారు. మాన్యువల్‌లో ఆ మాటే లేదు. ఫొటో తీసి పంపిస్తే జవాబు లేదు. అందుకే ఇప్పుడు పగలే పెడుతున్నాను.

యంత్రం గురించి రివ్యూలు రాసేవాళ్ళు ఇక్కడే ఆపేస్తారు, నా దృష్టిలో సగం పని దీని తర్వాతే ఉంది. మన గాలిలో ఎండిన రేకులు ట్రేలోనే చల్లారాలని గంటలకొద్దీ వదిలేస్తే చెమ్మ పీల్చేసుకుంటాయి. గోరువెచ్చగా ఉండగా కాదు, వేడి తగ్గిన వెంటనే గట్టి మూత ఉన్న గాజు సీసాలో వేయండి. సీసా లోపలి గోడ మీద మర్నాటికి చిన్న ఆవిరి మచ్చ కనిపించినా సరే, అన్నీ తీసి మళ్ళీ ఆరబెట్టాలి. నాలుగు రోజులు అలా చూశాకే కవర్లలోకి.

కవరులోంచి గాలి లాగేసి మూసే వ్యాక్యూమ్ సీలర్ వేరే కొన్నాను, ఇంకో మూడు వేలు. హాప్స్‌కి ఇది తప్పనిసరి అంటాడు మేనల్లుడు, గాలి తగిలితే లోపలి చేదు పదార్థాలు మారిపోయి పాత హాప్స్ చీజ్‌లా వాసన కొడతాయట, అందుకే గాలి తీసేసి ఫ్రీజర్‌లో పెడతాడు. మన వాటికి ఫ్రీజర్ అక్కర్లేదు, కానీ గాలీ వెలుతురూ తగలకూడదన్నది ఇక్కడా నిజమే. కవరు సీల్ చేశాక చీకటి అలమారలో పెట్టండి. ఒక జాగ్రత్త, బాగా ఎండిన గోంగూర రేకులకి మొనలు గట్టిపడతాయి, గాలి లాగేటప్పుడు కవరుకి సూదిమొనంత కన్నం పడుతుంది, తెల్లారేసరికి కవరు వదులైపోతుంది. రేకుల్ని ముందు పలచటి టిష్యూలో చుట్టి వేస్తే ఆ బెడద పోయింది. ఫ్రీజర్‌లో పెట్టుకునేవాళ్ళు బయటకి తీయగానే కవరు కోయకండి, గది వేడికి వచ్చాక కోయండి. చల్లటి రేకుల మీద మన గాలి తగిలితే వెంటనే నీళ్ళు పడతాయి.

పోయిన సంక్రాంతికి సీల్ చేసిన కవరు వర్షాకాలంలో విప్పాను. రేకు పెళ్ళుమని విరిగింది, వేడి నీళ్ళలో వేయగానే నిండు ఎరుపు దిగింది. పిన్ని తాగి చూసి, వాళ్ళింటి గోంగూర కాయలు కూడా ఈసారి నా పెట్టెలో వేయమంది. నా మార్కులు యంత్రానికి ఐదుకి మూడున్నర, వ్యాక్యూమ్ సీలర్‌కి నాలుగు, కంపెనీ సర్వీసుకి ఒకటి. కొనే ముందు అమ్మేవాణ్ణి ఒక్క మాట అడగండి: కరెంటు పోయి వస్తే ఆగిన చోటి నుంచి మళ్ళీ నడుస్తుందా? అలా నడిచేదైతే వెయ్యి ఎక్కువైనా అదే తీసుకోండి.