మొగలి వాసన వెంట: శ్రీకాకుళం తీరంలో నూనెలు, మర్దనలు

శ్రీకాకుళం వచ్చేవారు చాలామంది అరసవల్లి, శ్రీకూర్మం చూసుకుని సాయంత్రానికల్లా రైలెక్కేస్తారు. ఒళ్లు నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం తొందరపడకండి. సుగంధ తైలాలతో మర్దన చేయించుకోవాలని అమ్మకు ఎప్పటినుంచో కోరిక, అందుకే మేం ఆగాం.

ఆర్టీసీ బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ వేడినీళ్లు ఉదయం పూటే వస్తాయి. మర్దన సాయంత్రం పెట్టుకునేవారు ఈ సంగతి ముందే అడగాలి. ఒంటినిండా నూనెతో చన్నీళ్ల స్నానమంటే పడ్డ సుఖమంతా పోతుంది.

మొదట వెళ్లిన చోట హంగులు బాగున్నాయి. అద్దాల తలుపులు, మెత్తటి తువ్వాళ్లు, గంటకు పదిహేను వందలు. సీసా మీద ‘లావెండర్’ అన్న పేరు తప్ప ఏ నూనెలో ఎంత కలిపారో లేదు. అమ్మ వయసు అడగలేదు, షుగర్ ఉందా అని అడగలేదు. గది నిండా ఘాటు. అమ్మకు తలనొప్పి పట్టుకుంది. మర్దన చేసిన అమ్మాయి చేతిలో నేర్పు ఉంది, అయినా అక్కడికి మళ్లీ వెళ్లను.

మర్నాడు ఒక చిన్న ఆయుర్వేద వైద్యశాలకు వెళ్లాం. గోడలకు రంగు వెలిసిపోయింది, బల్ల పాతది. కానీ మర్దన చేసే ఆవిడ ముందుగా అమ్మను కూర్చోబెట్టి మాట్లాడింది. స్టీలు గిన్నెలో ముప్పై మిల్లీలీటర్ల నువ్వుల నూనె పోసి, వేడినీళ్లలో ఆ గిన్నె ఉంచి, లావెండర్ తైలం ఆరే చుక్కలు వేసింది. నాలాంటివారికైతే పన్నెండు దాకా వేస్తారట. అంటే రెండు శాతం. పెద్దవాళ్లకు అందులో సగం చాలు. మోచేయి మడతలో కాస్త రాసి, దద్దురు రాదని చూశాకే మొదలుపెట్టింది. షుగర్ వల్ల అమ్మ పాదాలకు స్పర్శ తక్కువ. అందుకే నూనె వేడిని తన మణికట్టు మీద చూసుకుంది.

“రేపు ఎక్కడికి వెళ్తున్నారమ్మా?” అని అడిగింది. కళింగపట్నం బీచికి అనగానే, నిమ్మ తైలం సీసా తీసి పక్కన పెట్టేసింది. నిమ్మతొక్కను పిండి తీసిన తైలం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి మచ్చలు పడతాయి. ఆ ఒక్క ప్రశ్న కోసమైనా ఆవిడకు నా నమస్కారాలు! నీలగిరి, పుదీనా తైలాలు పసిపిల్లల ముఖం దగ్గరకు తేవద్దని, ఊపిరికి ఇబ్బంది అవుతుందని కూడా హెచ్చరించింది. గర్భిణులైతే వైద్యుల్ని అడగకుండా ఏ తైలమూ వాడకూడదు. మర్దన వల్ల కండరాల బిగువు తగ్గుతుంది, మనసు కుదుటపడుతుంది. అంతవరకు నమ్మవచ్చు. అరిగిన మోకాళ్లు బాగవుతాయని ఎవరైనా చెబితే డబ్బు తీయకండి.

కళింగపట్నంలో ఇసుక, గాలి బాగున్నాయి. నీడ మాత్రం తక్కువ.

అసలు సువాసన ఇచ్ఛాపురం దాటాక మొదలవుతుంది. సరిహద్దుకు అవతల ఒడిశాలోని గంజాం జిల్లా మొగలి తైలానికి పెట్టింది పేరు, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. తెల్లవారకముందే కోసిన మగపూలను రాగి డేగిసాల్లో నీళ్లతో మరిగిస్తారు. మూత చుట్టూ మట్టి మెత్తి, ఆవిరిని వెదురు గొట్టం గుండా చల్లటి నీళ్లలో ఉంచిన పాత్రలోకి పంపుతారు. ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టిస్తే అత్తరు. ఏ నూనె లేకుండా తీసింది రూహ్, దాని ధర చాలా ఎక్కువ. చవకగా దొరికితే అనుమానించండి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. జిడ్డు మరక మిగిలితే వంటనూనెలాంటిదేదో కలిపారని అర్థం. ఈ పరీక్ష అత్తరుకు పనికిరాదు, అందులో గంధం నూనె ఉండనే ఉంటుంది. ఘాటైన అత్తరును నేరుగా ఒంటికి పట్టించకండి.

మొగలి పూలు విరగబూసేది వానాకాలంలో. ఇచ్ఛాపురంలో లాడ్జీలు తక్కువ, బస బరంపురంలో చూసుకుంటే మేలు. తిరిగి వచ్చేటప్పుడు ఇచ్ఛాపురంలోనే రైలు ఎక్కవచ్చు. ఎక్స్‌ప్రెస్‌లు అన్నీ అక్కడ ఆగవు కనుక ముందే చూసుకోండి.